పాత్ర స్వభావం పాఠానికి స్టోరీవీవర్: ఎంతవరకు పనికొస్తుంది?

పదో తరగతి పరీక్షలో ‘ఫలానా పాత్ర స్వభావం రాయండి’ అని వస్తే చాలామంది పిల్లలు గైడులోని విశేషణాలను వరసపెట్టి దించేస్తారు. ధీరుడు, గుణవంతుడు, పెద్దల మాట జవదాటనివాడు. ఏ సంఘటన చూసి ఆ మాట అన్నావని అడిగితే నీళ్ళు నములుతారు. పాత్ర చేసిన పనిని, అన్న మాటను పట్టుకుని స్వభావాన్ని తేల్చడం నాలుగైదు తరగతుల్లోనే అలవాటు కావాలి. అందుకు చిన్న కథలు, అదీ పిల్లలు ముందెప్పుడూ విననివి, చాలా కావాలి. నక్క, ద్రాక్షపళ్ళ లాంటివి పనికిరావు. జవాబు ముందే తెలుసు.

పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన కథల వెబ్‌సైటు స్టోరీవీవర్ ఈ లోటును చాలావరకు తీరుస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. భాష తెలుగు అని, స్థాయి ఇదని ఎంచుకుంటే బొమ్మల కథలు వరసగా కనిపిస్తాయి. ఫోన్‌లో చదవొచ్చు, పీడీఎఫ్ దించుకోవచ్చు.

స్థాయిలు నాలుగు. మొదటిది 250 పదాల లోపు, రెండోది 600 వరకు, మూడోది 1500 వరకు, నాలుగోది ఆ పైన. ఇక్కడ తెలుగు టీచర్లు ఒకటి గమనించాలి. ‘వెళ్ళిపోవాలనిపించింది’ అన్నది మనకు ఒక్క పదం. ఇంగ్లీషులో అదే భావానికి నాలుగైదు పదాలు కావాలి. కాబట్టి పదాల లెక్కలో చిన్నగా కనిపించే తెలుగు కథ చదవడానికి అంత తేలిక కాకపోవచ్చు. స్థాయి నంబరును నమ్మి వదిలేయకుండా ఒక పేజీ పైకి చదివి చూడాలి. మొదటి స్థాయి కథల్లో వాక్యాలు తిరిగి తిరిగి వస్తాయి. అవి చదవడం నేర్పడానికి బాగుంటాయి కానీ వాటిలో తేల్చడానికి స్వభావం ఉండదు. నాలుగు, అయిదు తరగతులకు మూడో స్థాయి సరిపోతుంది. సంభాషణ ఉన్న కథనే తీసుకోవాలి.

అసలు చిక్కు రెండుచోట్ల వస్తుంది. ఒకటి బొమ్మ. ముఖం ముడుచుకున్న పిల్ల బొమ్మ పక్కనే ఉంటే పిల్లలు వాక్యం జోలికి పోరు, బొమ్మ చూసి ‘కోపం’ అనేస్తారు. అందుకే మొదటిసారి బొమ్మ చూపకుండా చదివి వినిపించాలి. బొమ్మను తర్వాత సరిచూసుకోవడానికి వాడాలి. రెండోది, అన్నీ విప్పి చెప్పేసే వాక్యం. ‘కోపంగా అన్నాడు’, ‘సిగ్గుపడుతూ చెప్పింది’ అని కథే చెప్పేశాక పిల్లలు ఊహించడానికి ఏమీ మిగలదు.

ఈ రెండోదానికి మందు కూడా అక్కడే దొరుకుతుంది. కథలు క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్సుతో ఉంటాయి. రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి, మార్చామని చెబితే కథను తిరగరాసుకోవచ్చు. ‘రవి సిగ్గుపడ్డాడు’ తీసేసి ‘రవి తలొంచుకుని బొటనవేలితో నేల రాశాడు’ అని పెట్టండి. ఒక కథలో అలాంటివి మూడు మారిస్తే చాలు. అన్నీ మారిస్తే పిల్లలకు కథే అందదు.

నలభై నిమిషాల పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఆపకుండా చదవాలి, చివరి రెండు పేజీలు దాచాలి. రెండోసారి చదివేటప్పుడు రెండుచోట్ల మాత్రమే ఆగాలి. ప్రతి పేజీకీ ఆగితే కథ చచ్చిపోతుంది. నోటుబుక్కులో మూడు గళ్ళు గీయించండి: కథలో ఉన్నది (పేజీ నంబరుతో), నాకు తెలిసింది, కాబట్టి. ఉదాహరణకు కథలో ఇలా ఉందనుకోండి: గీత తన కంచంలోని గుడ్డు తమ్ముడికి వేసి ‘నాకాకలి లేదు’ అంది, అందరూ లేచాక గిన్నె అడుగున మాడు గీక్కుని తింది. రెండో గడిలో ‘ఆకలి లేనివాళ్ళు మాడు తినరు’ అని వస్తుంది. మూడో గడిలో ‘గీతకు ఆకలిగానే ఉంది, తమ్ముడి కోసం అబద్ధమాడింది’ అని రాయాలి. మధ్య గడి ఖాళీగా వదిలేసేవాళ్ళే ఎక్కువ. అక్కడ టీచరు కూర్చుని అడగాలి. చివరి పది నిమిషాల్లో దాచిన పేజీలు చదివి, ముందు రాసింది నిలబడిందో లేదో చూడాలి. నిలబడకపోతే కొట్టేయనివ్వొద్దు, కిందే కొత్తది రాయించాలి.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, ఆ క్షణపు భావాన్ని స్వభావమనుకోవడం. ఒకసారి కోప్పడ్డవాడు కోపిష్ఠి కాడు. కథలో రెండు వేర్వేరు చోట్ల సాక్ష్యం చూపితేనే స్వభావమని ఒప్పుకోవాలి. ఇంకొకటి, అందరికీ ‘మంచివాడు’ అని రాసేయడం. బోర్డు మీద గడుసు, బెరుకు, మొండి, పిసినారి, కలుపుగోలు, నిదానం, తొందరపాటు లాంటి పది మాటలు రాసి ‘మంచి’, ‘చెడ్డ’ నిషేధించండి.

స్టోరీవీవర్‌లో తెలుగు కథల్లో అనువాదాలూ ఉంటాయి. ఎవరైనా అనువదించి పెట్టవచ్చు గనుక భాష ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వినడానికి చిన్న విషయంలా ఉన్నా ఈ పాఠానికి ఇది పెద్దదే. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’, ‘ఒరేయ్’, ‘ఏమండీ’ ఒక్కొక్కటీ ఒక ఆధారం. అప్పటిదాకా ‘మీరు’ అన్న మనిషి ఒక్కసారిగా ‘నువ్వు’ అంటే, అలిగాడో దగ్గరయ్యాడో పిల్లలే పట్టేస్తారు. ఇంగ్లీషు మూలంలో అందరికీ ఒకటే మాట, కాబట్టి ఆ తేడా అనువాదకులు పెట్టింది అయివుంటుంది. పుస్తకం చివర మూలకథ ఎవరిది, అనువాదం ఎవరిది అని ఉంటుంది, ముందు అది చూడండి. మర్యాద మాటల మీద ప్రశ్న వేయాలనుకుంటే తెలుగులోనే పుట్టిన కథను ఎంచుకోండి. చేతలమీద ప్రశ్నలకైతే అనువాదమూ ఫరవాలేదు.