చేత్తో కదిపిన అస్థిపంజరం, వానలో తడిసిన డైనోసార్: తెర మీద ఏది మేలు?

‘జురాసిక్ పార్క్’లో వాన కురుస్తున్న రాత్రి టైరనోసారస్ కంచె దాటి కారు మీదికి వస్తుంది. లోపల పిల్లలిద్దరు. పైకప్పు అద్దాన్ని మూతితో నెట్టి వాళ్ల మీదికి దించుతుంది. ఎన్నిసార్లు చూసినా అక్కడ నా కాళ్లు ముడుచుకుంటాయి. ఇప్పటి సినిమాల్లో అంతకు పదింతల జంతువులు నగరాలను నేలమట్టం చేస్తున్నా గుండె వేగం మారదు. 1993 నాటి ఆ సినిమాలో ఉన్నదేమిటి, వీటిలో లేనిదేమిటి?

లేని ప్రాణిని తెర మీద నిలపడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. నిలువెత్తు యంత్రపు బొమ్మను కట్టి కెమెరా ముందు ఆడించడం ఒకటి. చిన్న బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫ్రేము, మళ్లీ కదిపి మరో ఫ్రేము తీసే స్టాప్ మోషన్ రెండోది. కంప్యూటర్ గ్రాఫిక్స్ మూడోది. ఈ మూడూ ఆ ఒక్క సినిమాలోనే ఎదురుపడ్డాయి కాబట్టి అక్కడి నుంచే తూకం వేస్తాను.

కారు మీదికి వంగిన ఆ జంతువు స్టాన్ విన్‌స్టన్ బృందం కట్టిన బొమ్మ. లోపల ఉక్కు, హైడ్రాలిక్ యంత్రాలు; పైన రబ్బరు నురుగుతో చేసిన చర్మం. వానలో ఆ చర్మం స్పాంజిలా నీళ్లు పీల్చి బరువెక్కింది. యంత్రాలు ఆ బరువుకు తట్టుకోలేక బొమ్మ వణకసాగింది. షాటుకూ షాటుకూ మధ్య మనుషులు తువ్వాళ్లతో దాన్ని తుడిచి ఆరబెట్టేవారు. ఎంత అవస్థ! కానీ ఆ అవస్థకు తగిన ఫలితం తెర మీద ఉంది. వాన నీళ్లు నిజంగానే దాని మొహం మీంచి జారాయి. టార్చి వెలుగు నిజంగానే దాని కంటి మీద పడింది. అద్దానికి అడ్డుపెట్టిన పిల్లల చేతులకు నిజమైన బరువు తగిలింది. వాళ్లు శూన్యంలోకి చూస్తూ భయం నటించవలసిన పని లేకపోయింది. సినిమా మొత్తంలో డైనోసార్లు కనిపించేది దాదాపు 15 నిమిషాలు. అందులో గ్రాఫిక్స్ వాటా 6 నిమిషాలకు అటూ ఇటూ. ఆ సినిమా పేరు చెప్పగానే గ్రాఫిక్స్ గొప్పతనమే మాట్లాడుకునేవాళ్లు ఈ లెక్కను మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది.

అయితే ఆ బొమ్మ పరుగెత్తలేదు. మంద మందగా దూకుతూ పోయే జంతువులను అలా కట్టడం ఎవరి తరమూ కాదు. ఆ పనికి దర్శకుడు స్పీల్‌బర్గ్ మొదట అనుకున్నది స్టాప్ మోషన్ నిపుణుడు ఫిల్ టిప్పెట్ పద్ధతిని. అది స్టాప్ మోషన్‌కు మెరుగులు దిద్దిన రూపం. ఆ మెరుగు ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఒక చిన్న సంగతి గమనించాలి. పరుగెత్తే గుర్రాన్ని కెమెరా తీస్తుంటే, షట్టర్ తెరిచి ఉన్న ఆ కొద్ది క్షణంలోనే కాళ్లు కదిలిపోయి ఫ్రేములో అలుక్కుపోయినట్టు పడతాయి. మన కంటికి ఆ మసకే వేగం. స్టాప్ మోషన్ బొమ్మ మాత్రం ఫ్రేము తీసే క్షణంలో కదలదు. ప్రతి ఫ్రేమూ చెక్కినట్టు స్పష్టంగా ఉంటుంది, అందుకే కదలికలో ఆ అదురు. టిప్పెట్ మోటార్లు అమర్చి, ఫ్రేము తీస్తుండగానే బొమ్మ కదిలేలా చేశాడు. అయినా కంప్యూటర్‌లో చేసి చూపిన నమూనా ముందు అది నిలవలేదు. పరుగుకూ మందకూ గ్రాఫిక్సే మేలు. ఇందులో వాదన లేదు. కాకపోతే టిప్పెట్ మనుషుల నేర్పు వృథా పోలేదు. కీళ్లలో సెన్సర్లు పెట్టిన లోహపు అస్థిపంజరాన్ని వాళ్లు చేత్తో కదిపితే, ఆ కదలికలు కంప్యూటర్‌లోని డైనోసార్‌కు చేరేవి.

మరి ఆ అదురు ప్రతిచోటా లోపమేనా? కాదనే అంటాను. రే హ్యారీహౌసెన్ 1963లో ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’ కోసం ఏడు అస్థిపంజరాలతో ముగ్గురు మనుషులకు కత్తియుద్ధం పెట్టాడు. బొమ్మల్ని కదిపే పని ఆయన ఒక్కడిదే, ఆ ఒక్క ఘట్టానికి నాలుగున్నర నెలలు. ఏడింటి కాళ్లూ చేతులూ తలలూ ఎక్కడున్నాయో, ఎటు పోతున్నాయో మనసులో ఉంచుకుని, ముందే తీసిన నటుల దెబ్బలకు సరిగ్గా జోడించాలి. మధ్యలో తప్పితే దిద్దుబాటు లేదు, షాటు మళ్లీ మొదటి నుంచి తీయాలి. గ్రాఫిక్స్‌లో విడుదలకు ముందు దాకా మార్చుకోవచ్చు. ఆ వెసులుబాటు నిజంగా వరమే, కానీ ఏ షాటులో ఏం కావాలో ముందే తేల్చుకునే అలవాటును అది చంపుతుంది. ఇక ఆ ఎముకల నడకలోని అదురు చూడండి: కండ లేనివాటికి, చచ్చి లేచినవాటికి అది ఎంత సహజం! వాటిని గ్రాఫిక్స్‌తో నునుపుగా నడిపిస్తే సగం భయం పోతుంది. తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించే పుల్లలు కనిపిస్తూనే ఉంటాయి, అయినా ఆంజనేయుడు సముద్రం దాటుతుంటే మనం ఊపిరి బిగబడతాం. ఆడించే చేయి ఉందని తెలియడం నమ్మకానికి అడ్డు కాదు.

కాబట్టి ప్రాణి మనిషిని తాకవలసి వస్తే నిలువెత్తు బొమ్మ. వేలల్లో ఉరకాలంటే కంప్యూటర్. ఈ లోకానిది కానిదైతే స్టాప్ మోషన్. మూడింటిలో ఒక్కటే మిగుల్చుకోమంటే మాత్రం నేను స్టాప్ మోషన్‌నే మిగుల్చుకుంటాను. అందుకు కారణం 1933 నాటి ‘కింగ్ కాంగ్’. విలిస్ ఓబ్రయన్ బృందం బొమ్మను కదిపిన ప్రతిసారీ వేళ్లు తగిలి దాని బొచ్చు చెదిరేది. తెర మీద ఆ బొచ్చు అలలు అలలుగా కదులుతుంది, కాంగ్‌కు కోపం వచ్చి నిక్కబొడుచుకున్నట్టు. లాస్ ఏంజెలెస్‌లోని ఒక థియేటర్‌లో ఆ సినిమా చూసిన పదమూడేళ్ల పిల్లవాడు దాన్ని ఎలా చేశారో తెలుసుకోకుండా ఉండలేకపోయాడు. ముప్పై ఏళ్ల తర్వాత ఏడు అస్థిపంజరాలకు కత్తులిచ్చింది ఆ పిల్లవాడే.