సినిమా ఎడిన్‌బరాలో, నిద్ర గ్లాస్గోలో

రాత్రికి 310 పౌండ్లు పోస్తే దొరికింది కిటికీ లేని గది. ఎడిన్‌బరా ఫిల్మ్ ఫెస్టివల్ గురించి రాద్దామని కూర్చున్నాను గానీ, ముందు ఈ కడుపుమంట చల్లారితే గాని చెయ్యి కదిలేలా లేదు.

లీడ్స్ నుంచి రైలు ప్రయాణం హాయిగా సాగింది. నేను, మా ఆయన, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్య. ముగ్గురికీ రానూపోనూ 189 పౌండ్లు. 2025 ఆగస్టు 15న మధ్యాహ్నానికి దిగాం.

మేం అద్దెకి తీసుకున్న ఫ్లాట్ ప్రకటనలో రెండు డబుల్ బెడ్‌రూమ్‌లు, ఎడిన్‌బరా హేమార్కెట్ స్టేషన్‌కి నడక దూరం అని ఉంది. నడక దూరం మాత్రం నిజమే. పాత రాతి భవనం, నాలుగో అంతస్తు, గుండ్రంగా తిరిగే మెట్లు. లిఫ్టు లేదన్న ముక్క ఎక్కడా రాయలేదు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య ప్రతి మలుపులో గోడ పట్టుకుని "ఇంకా ఎంతరా?" అని అడగడం, రెండు సూట్‌కేసులు మోస్తున్న మా ఆయన "వచ్చేశామమ్మా" అని అబద్ధమాడడం.

రెండు గదుల్లో ఒకటి బాగానే ఉంది, అది అత్తయ్యకిచ్చాం. రెండోది సామాను పడేసుకునే కొట్టు. ఇక్కడి పాత ఇళ్లలో ఇలాంటిది ఒకటి ఉంటుంది, బాక్స్ రూమ్ అంటారు. మంచం మూడు గోడలకీ ఆనుకుని ఉంది. లోపలివైపు పడుకున్నవాళ్లు లేవాలంటే రెండోవాళ్లని దాటుకుని రావాల్సిందే. కోట్లు తగిలించే ఇత్తడి కొక్కేలు సరిగ్గా తల పైన. తలుపు వేస్తే ఊపిరాడదు. తీస్తే, ఎవరు బాత్రూమ్‌కి వెళ్లినా బయట లైటు దానంతటదే వెలిగి మొహం మీద పడుతుంది. ఫొటోలో కనిపించిన కిటికీ హాల్లోది. అత్తయ్య తొంగి చూసి, "మన కందిపప్పు డబ్బాల గది ఇంతకన్నా నయం కదే" అంది.

ఇంటాయనకి మెసేజ్ పెడితే వచ్చిన జవాబు: ఆగస్టులో ఎడిన్‌బరాలో గది దొరకడమే అదృష్టం. పక్కన ఒక నవ్వు బొమ్మ! క్లీనింగ్ పేరుతో 55 పౌండ్లు ముందే గుంజాడు. అయినా వెళ్లేటప్పుడు దుప్పట్లు మేమే తీసి మడతపెట్టాలట, చెత్త సంచి నాలుగంతస్తులు కిందికి మేమే మోయాలట. బుకింగ్ సైటువాళ్లతో వారాల తరబడి గొడవపడితే 60 పౌండ్లు వెనక్కి వేశారు.

ఆయన పొగరు సంగతి పక్కనపెడితే, ఆగస్టు గురించి అన్నమాట నిజమే. ఫిల్మ్ ఫెస్టివల్, ఫ్రింజ్ నాటకోత్సవం రెండూ 1947లోనే మొదలయ్యాయి. ఇప్పుడు రెండూ ఒకే నెలలో పడతాయి. సినిమాలవి వారం రోజులే, ఫ్రింజ్ మూడు వారాలకి పైనే. ఊరంతా అద్దెకి లేచిపోతుంది. స్కాట్లండ్‌లో ఇలా రోజుల లెక్కన ఇల్లు ఇవ్వాలంటే లైసెన్సు తీసుకుని, ఆ నంబరు ప్రకటనలో వేయాలి. నంబరు ఉన్నంత మాత్రాన మోసం జరగదని కాదు, మాదానికీ ఉంది. కానీ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయడానికి ఒక ఆధారమంటూ ఉంటుంది.

ఆ మర్నాడే గ్లాస్గోకి మారిపోదామంటే అక్కడ ప్రపంచ బ్యాగ్‌పైపు బృందాల పోటీలు, రూముల రేట్లు అక్కడా మండిపోతున్నాయి. అవి 16తో అయిపోయాయి, 17న మారాం. క్వీన్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర హోటల్లో రూము 71 పౌండ్లు. లిఫ్టు ఉంది, కిటికీ ఉంది, అంతే, ఇంక చెప్పేదేం లేదు. రైల్లో ఎడిన్‌బరా 50 నిమిషాలు, రిటర్న్ 16.80. రద్దీ వేళల్లో అప్పుడు దాదాపు రెట్టింపు ఉండేది గానీ 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ తేడా ఎత్తేశారు. రెండు రూములు, మూడు టికెట్లు కలిపి రోజుకి 192.40. ఆ బొక్కలోకన్నా 117 పౌండ్లు తక్కువ. దిగాల్సింది ఎడిన్‌బరా పెద్ద స్టేషన్ వేవర్లీలో కాదు, హేమార్కెట్‌లో. థియేటర్లకి అదే దగ్గర.

ఇక సినిమాలు. ఫిల్మ్‌హౌస్ అనే థియేటరు ఒక పాత చర్చి భవనంలో ఉంది. 2022 అక్టోబరులో డబ్బుల్లేక ఉన్నట్టుండి మూతపడితే, ఊళ్లోవాళ్లు చందాలు వేసుకుని మరీ 2025 జూన్‌లో తెరిపించుకున్నారు. సీట్లు కొత్తవి, కాళ్లు చాపుకోవచ్చు. అత్తయ్య మోకాళ్లకి ఈ ట్రిప్పులో సుఖం దక్కింది అక్కడే. టార్చి పట్టుకుని చెయ్యి అందించిన వాలంటీరు పిల్లని ఇప్పటికీ తలుచుకుంటుంది. 1914 నాటి క్యామియో థియేటరు చూడ్డానికి ఇంకా ముచ్చటగా ఉంటుంది, కూర్చోడానికి మాత్రం నా ఓటు ఫిల్మ్‌హౌస్‌కే.

పోటీలో పది సినిమాలు, అన్నీ ప్రేక్షకుల ముందుకి మొదటిసారి వచ్చేవే. జేమ్స్ బాండ్‌గా వేసిన నటుడు షాన్ కానరీ పేరు మీద 50 వేల పౌండ్ల బహుమతి, తేల్చేది ప్రేక్షకుల ఓటు. 2024లో అది బ్రాడ్‌ఫర్డ్‌లో కార్లు కడిగే వలస కూలీల కథకి, జాక్ కింగ్ నలుపు తెలుపులో తీసిన 'ది సెర్మనీ'కి వచ్చింది. మన దగ్గర ఒక పాట సెట్టుకైనా చాలని డబ్బు, ఇలాంటివాళ్లకి ఇంకో సినిమాకి ఊపిరి.

మేం చూసినవాటిలో నాకు నచ్చింది హెలెన్ వాల్ష్ 'ఆన్ ది సీ'. నార్త్ వేల్స్‌లో ఆల్చిప్పల సాగు చేసుకునే పెళ్లైన మనిషి, పడవ పనికి వచ్చిన ఇంకో మగాడి మీద మనసు పడతాడు. అత్తయ్య పక్కన కూర్చుని ఇది చూడాలా అని నాకు ఒకటే టెన్షన్. ఆవిడ మాత్రం కళ్లజోడు తీయకుండా చివరిదాకా చూసింది. హేమార్కెట్ దాకా మాట్లాడలేదు. ప్లాట్‌ఫామ్ మీద కూర్చున్నాక "తప్పెవరిదైతేనేం, పాపం ఆ పెళ్లాం" అంది. మళ్లీ కాసేపాగి, "వాడూ పాపమేలే."

ఆ పూట భోజనం కూడా చెప్పాలి. పబ్బులో స్కాట్లండ్ వంటకం హ్యాగిస్, శాకాహారంది, 14.50. ఓట్స్, పప్పులు, మిరియాలు దట్టించి, పక్కన ముద్దగా మెదిపిన బంగాళాదుంప, టర్నిప్. అత్తయ్య అనుమానంగా ఒక చెంచా తిని, హ్యాండ్‌బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసింది. ప్లేటు ఖాళీ.

ముగింపు రాత్రి సినిమా ఇర్విన్ వెల్ష్ మీద పాల్ స్ంగ్ తీసిన డాక్యుమెంటరీ. ఎడిన్‌బరాలోని లీత్ పేటలో పుట్టిన 'ట్రైన్‌స్పాటింగ్' నవలా రచయిత, సొంత ఊరి జనం. మాకు సగం అందని యాసకి హాలంతా పడీ పడీ నవ్వుతుంటే మేం ముందువాళ్ల భుజాలు చూసి నవ్వాం. నటుడు లియామ్ నీసన్, గాయకుడు నిక్ కేవ్ లాంటివాళ్లు ఆయన పుస్తకాల్లోంచి చదివిన భాగాలు బాగున్నాయి, పొగడ్తే కాస్త ఎక్కువైంది. తిట్లు ఎక్కువని మా ఆయన హెచ్చరిస్తే, తిట్లకి కాదు, నిద్రకి అని చెప్పి అత్తయ్య హోటల్లోనే ఉండిపోయింది. రాత్రి ఆటలకి వెళ్తే ఆఖరి గ్లాస్గో రైలు ఎన్నింటికో ముందే చూసుకోండి. మేం హేమార్కెట్ దాకా పరిగెత్తాం.

2026 జులై 24 నుంచి ఎడిన్‌బరాలో బస మీద 5 శాతం పన్ను కూడా పడుతుంది, మొదటి ఐదు రాత్రులకి. గ్లాస్గోలో అది 2027 జనవరి దాకా లేదు. బ్యాగ్‌పైపుల వారాంతం ఎప్పుడో మాత్రం చూసుకుని బుక్ చేయండి.