పాత ఇటుక గోడకి సున్నమా, సిమెంటా?

గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేటల్లో, బెజవాడ వన్‌టౌన్‌లో దొరల కాలం నాటి ఇటుక ఇళ్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. గోడ పూత పెచ్చులూడితే ఓనరు మేస్త్రీని పిలుస్తాడు, మేస్త్రీ సిమెంటంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఏ కొట్లో అడిగినా దొరుకుతుంది, మర్నాటికి గట్టిపడుతుంది, వారం తడిపితే పని అయిపోయినట్టే.

గానుగ సున్నం అలా కాదు. ముందు నానాలి, ఇసుకతో బాగా నూరాలి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు కలపాలి. పల్చగా ఒక పూత వేసి, అది ఆరాకే రెండోది. పూర్తిగా గట్టిపడటానికి నెలలు. కూలి ఎక్కువ, పని తెలిసినవాళ్లు దొరకడం గగనం.

అయినా బయటి గోడకి నా ఓటు సున్నానికే. పోరుబందరులో సిమెంటు ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది 1914లో. అంతకన్నా పాత ఇళ్లు దాదాపు అన్నీ సున్నంతో కట్టినవే. ఆ గోడలు నేలలోని చెమ్మను పీలుస్తాయి, పూతలోంచి బయటికి వదిలేస్తాయి. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చూడటానికి నున్నగానే ఉంటుంది, వేలితో కొడితే డొల్ల చప్పుడు. పెచ్చు లేపితే ఇటుక ముఖం దానికే అంటుకుని వస్తుంది, వెనక తెల్లటి ఉప్పు, ఎర్రటి పొడి. మెత్తటి పాత ఇటుక కంటే పూత గట్టిదైతే నష్టపోయేది ఇటుకే. ప్లాస్టిక్ పెయింటుదీ ఇదే వరస.

మద్రాసు టెర్రస్ మిద్దె అయితే మరీ జాగ్రత్త. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో పేర్చిన కప్పది. కారుతోందని పైన కాంక్రీటు పోస్తే ఆ బరువంతా దూలాల మీదే. గోడలో దూరిన దూలం కొసలు అప్పటికే నాని ఉంటే చెప్పక్కర్లేదు.

కొత్త బాత్రూమ్, సంపు, ప్రహరీ లాంటివాటికి సిమెంటే మేలు, అక్కడ పట్టింపు అనవసరం.

బెజవాడ బందరు రోడ్డులో 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనం బాపు మ్యూజియంగా నిలబడిందంటే దాని వెనక సర్కారు ఉంది. మన ఇంటికి మన జేబే దిక్కు. డబ్బు చాలకపోతే ఈ ఏడు వాన జల్లు కొట్టే గోడ ఒక్కటే సున్నంతో చేయించండి. మిగతా గోడల్లో ఊడినచోట ఇటుకను అలాగే వదిలేయండి, సిమెంటు పూయడం కంటే అదే నయం. చూరు నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా కాలవ మాత్రం వానలకు ముందే తీయించండి.