కీమో రోజుల్లో నీటిరంగులా, ఆయిల్ రంగులా?

నెల్లూరులో మా వరండాలో కూర్చుని రెండూ వేసి చూశాను. ఆయిల్ రంగుల నిండుదనం వేరు. ఒంగోలు గిత్త మూపురం మీద ఎండ మెరవాలంటే అవే కావాలి. ఆరడానికి రోజులు పడుతుంది గనక తప్పు పోతే గీకేసి మళ్లీ వేసుకోవచ్చు. కానీ రంగు పలచన చేసే ఆ టర్పెంటైన్ వాసన! ఒకప్పుడు నాకిష్టమే. కీమో ఎక్కించుకొచ్చిన మూడో రోజు మూత తీయగానే కడుపులో తిప్పింది. అంతే, డబ్బా అటకెక్కింది.

నీటిరంగులకు ఆ బాధ లేదు. మంచం మీదే, ఒళ్లో అట్ట, పక్కన గ్లాసుడు నీళ్లు. మైపాడు సముద్రపు అల గీయబోతే నీళ్లెక్కువై నీలమంతా పాకింది. పోనీలే, అల అంటే అదేగా! వేళ్లు మొద్దుబారి సన్న కుంచె నిలవకపోతే పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నా. కుంచె మొన నోట్లో పెట్టుకునే అలవాటు మాత్రం మానాలి, రక్తంలో తెల్లకణాలు తగ్గి ఇన్ఫెక్షన్ తేలిగ్గా సోకేటప్పుడు మరీను.

1941లో కడుపులో క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఫ్రెంచి చిత్రకారుడు మాతీస్ రంగు పూసిన కాగితాల్ని కత్తెరతో కత్తిరించి బొమ్మలు కూర్చాడు. నాకు కత్తెర కుదర్లేదు. వికారానికి మాత్ర వేసుకుంటూనే ఉన్నా, నీటిరంగులూ వేస్తూనే ఉన్నా. గిత్త సగంలోనే ఆగింది.