బరువు తగ్గాక జారిన పొట్ట చర్మానికి ఏ లోదుస్తులు పనికొస్తాయి?

బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ వల్లనైనా, ఏళ్ల తరబడి నోరు కట్టుకోవడం వల్లనైనా నలభై యాభై కిలోలు తగ్గినవారికి కొవ్వుతో పాటు చర్మం కూడా తగ్గుతుందనుకోవడం భ్రమ. చర్మంలో సాగిపోయిన కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు మళ్లీ మునుపటి బిగువుకు రావు కాబట్టి పొత్తికడుపు మీది చర్మం మడతపడి తొడల మొదళ్ల మీదికి జారుతుంది. జీర్ణాశయంలో ఎక్కువ భాగం కోసి తీసేసే స్లీవ్ అనే బేరియాట్రిక్ ఆపరేషన్ తరువాత నాకు మిగిలినదీ ఇదే. మందుల షాపులో దొరికే పొట్ట బెల్టు, చీర కింద లంగాకు బదులు వేసుకునే షేప్‌వేర్, రొమ్ముల కింది వరకు వచ్చే హైవెయిస్ట్ ప్యాంటీ, ఈ మూడింటినీ నేను కొని వాడాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఒకే రకం గుడ్డ, ఒకే రకం కుట్టు పది పేర్లతో అమ్ముడవుతున్నప్పుడు పేరు కన్నా కుట్టును చూసి కొనడమే మేలు.

మొదట ఒక మాట. ఏ లోదుస్తూ చర్మాన్ని కుదించదు. పెట్టెల మీద నడుము ఎన్ని అంగుళాలు తగ్గుతుందని రాసినా ఆ తగ్గుదల విప్పేవరకే. అందువల్ల పొట్ట ఎంత చదునుగా కనిపిస్తోంది అన్నదానిని నేను లెక్కలోకి తీసుకోలేదు. మడతను కింది నుంచి పైకి ఎత్తి పట్టుకుంటోందా, లేక జారినచోటే అదిమిపెడుతోందా అన్నదే చూశాను. అదిమిపెట్టే బట్ట లోపల చర్మానికి చర్మం ఒరుసుకుంటుంది, చెమట ఆరదు, ఎర్రబడి మంట పుడుతుంది, ఆ తడిలో క్యాండిడా అనే ఫంగస్ చేరితే దురద, వాసన మొదలవుతాయి. వైద్యులు ఇంటర్‌ట్రైగో అనే ఈ బాధ మధుమేహం ఉన్నవారికి మరింత తొందరగా వస్తుంది.

పొట్ట బెల్టు నిజానికి ఆపరేషన్ అయినవారి కోసం తయారైన వస్తువు. సిజేరియన్ కుట్ల మీద, కడుపు కండరాల మీద భారం పడకుండా చూడటం దాని పని. మన పెద్దవాళ్లు బాలింతలకు పాత చీరతో నడికట్టు బిగించింది కూడా దాదాపు ఇందుకే. వెల్క్రో ఉంది కాబట్టి అన్నం తిన్నాక కాస్త వదులు చేసుకోవచ్చు, ఆ సౌకర్యం మిగతా రెండింటిలో లేదు. అయితే బెల్టు కింది అంచు తుంటి ఎముకల దగ్గరే ఆగిపోతుంది. అసలు ఆదరవు కావలసిన మడత ఆ అంచు కిందినుంచి బయటికి జారి, బెల్టు లేనప్పటికన్నా ఎక్కువగా వేలాడుతుంది. కూర్చుంటే బెల్టు పైకి ఎగబాకి, అందులో నిలువుగా కుట్టిన ప్లాస్టిక్ పుల్లలు పక్కటెముకల కింద గుచ్చుకుంటాయి. వెల్క్రో గరుకు అంచు చీర పోగులను పట్టి లాగడం అదనపు నష్టం. ఇంట్లో నైటీ కింద కాసేపు పెట్టుకోవడానికి తప్ప నేను దీన్ని ఎవరికీ చెప్పను.

చీర షేప్‌వేర్ విషయంలో నా అభిప్రాయం రెండు విధాలుగా ఉంది. లంగా బొందు పీడ వదిలించినందుకు దానికి దండం పెట్టాలి. మడత ఉన్నవారికి బొందు ఎక్కడ కట్టినా కష్టమే: పైన కడితే చర్మం కిందికి ఒరిగిపోతుంది, మడత లోపలికి కడితే సాయంత్రానికి అక్కడ ఎర్రటి చార తేలి, స్నానం చేసేటప్పుడు నీళ్లు తగిలితే భగ్గుమంటుంది. షేప్‌వేర్‌లో నడుము పట్టీ వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆ కోత ఉండదు, కుచ్చిళ్లు దోపుకోవడానికీ పట్టు దొరుకుతుంది. కానీ దాన్ని కుట్టింది తుంటి, తొడల తీరు చీరలో పొందికగా కనిపించడం కోసం. పొట్ట ముందు ప్రత్యేకంగా మరో పొర ఉండదు, గుడ్డ పట్టు అంతా తొడల దగ్గర ఉంటుంది, ఎత్తిపట్టే ఏర్పాటేమీ లేక మడత తొడల సందుకు చేరుతుంది. మోకాళ్ల దగ్గర ఇరుకై కింద చేపతోకలా విచ్చుకునే కోత వల్ల అడుగులు చిన్నవి పడతాయి. పక్కన చీలిక లేని రకం వేసుకుని బస్సు మెట్లు ఎక్కడం ఒక సాహసం. పెళ్లికి రెండు మూడు గంటలు నిలబడటానికి సరే, ఆఫీసుకు రోజంతా వద్దు.

నాకు నచ్చింది తొడల సగం వరకు కాళ్లున్న హైవెయిస్ట్ ప్యాంటీ. దీని ముందు భాగంలో పొట్ట మీద రెండో పొర ఉంటుంది. ఆ పొర కింది కుట్టు గజ్జల మడతలోకి సరిగ్గా దిగితే, చర్మం బరువు నడుము మీద కాకుండా రెండు పక్కలకూ, వీపు వైపుకూ పంచుకున్నట్టు తెలుస్తుంది. భుజాలకు పట్టీలున్న రకం అయితే ఇంకా బాగా. పట్టీలు లేని రకంలో పై అంచు సన్నగా ఉంటే వంగినప్పుడల్లా తాడులా చుట్టుకుపోయి కిందికి దిగుతుంది. దాన్ని ఆపడానికి అంచు లోపల సిలికాన్ గీత అతికిస్తారు గానీ, మే నెల ఉక్కలో ఆ గీత కింద పొక్కులు లేస్తాయి. నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ ఉన్నదే ఎంచుకోవడం మంచిది. ఎండాకాలం మాట వచ్చింది కాబట్టి, నైలాన్, సాగే దారమైన స్పాండెక్స్ కలిసిన ఈ గుడ్డ చెమటను పీల్చదు. మడత లోపల ఒంటి పొరగా పాత మల్లు పంచె ముక్క పరిచి, మధ్యాహ్నం ఒకసారి మార్చుకుంటే ఒరుపు చాలావరకు రాదు.

కొలత దగ్గర ఈ కంపెనీలన్నీ మనల్ని మరిచిపోయాయి. సైజుల పట్టికలో నడుము, తుంటి కొలతలు మాత్రమే ఉంటాయి. మనలో చాలామందికి మడత ఉన్నచోట చుట్టుకొలత తుంటిని మించిపోతుంది. మడతను చేత్తో ఎత్తిపట్టి, దాని కింద ఒకసారి, మడతతో కలిపి ఒకసారి టేపు పెట్టి, రెండింటి మధ్య సైజు తీసుకోవాలి. వేసుకునేది కూడా నిలబడి కాదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, చర్మాన్ని బొడ్డు వైపుకు ఎత్తి, దాని కిందుగా ప్యాంటీని పైకి లాగి, ఆ తరువాత లేవాలి.

బిగువు ఎంత ఉండాలన్నది శరీరమే చెబుతుంది. స్లీవ్ అయినవారికి గుండెమంట, పులితేన్పులు ఎలాగూ ఎక్కువ, కడుపు మీద ఒత్తిడి పెరిగితే అవి ఇంకా పెరుగుతాయి కాబట్టి ఒక సైజు పెద్దదే మంచిది. తొడ బయటివైపు తిమ్మిరి, చురుకు మొదలైతే గజ్జల దగ్గరి నరం నలుగుతోందని గ్రహించి వెంటనే విప్పేయాలి. రాత్రి నిద్రలో దీని అవసరం లేదు, ఆ వేళ చర్మానికి గాలి తగలాలి.

స్పాండెక్స్‌ను 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ రూపొందించింది ఇలాంటి లోదుస్తుల్లో రబ్బరుకు బదులుగా వాడటానికే. వేడి, బ్లీచింగ్ దానికి శత్రువులు. వేడినీళ్లలో నానబెట్టి, బండకేసి బాది, ఎండలో ఆరేస్తే కొద్ది నెలల్లోనే సాగిపోయి మామూలు లోదుస్తు అయిపోతుంది. చన్నీళ్లలో చేత్తో పిండి నీడన ఆరేయాలి, అది ఆరేలోగా వేసుకోవడానికి రెండోది ఉండాలి. ఆన్‌లైన్‌లో లోదుస్తులను చాలామంది అమ్మకందారులు వెనక్కి తీసుకోరు కనుక మొదట ఒక్కటే తెప్పించి, ఒక పూటంతా కూర్చుని, వంగి, మెట్లెక్కి చూశాకే రెండోది ఆర్డర్ పెట్టండి.