రెండు ఎర్ర చాకులు, పన్నెండేళ్ల వాడకం

నా కుడి జేబులో విక్టోరినాక్స్ కంపెనీ చేసిన క్లైంబర్ ఉంటుంది, కత్తెర, స్క్రూడ్రైవర్ లాంటివి కూడా ఉన్న మడతచాకు. ఇంట్లో హాలు సొరుగులో అలాంటిదే, వెంగర్ కంపెనీ చేసిన ఎవొల్యూషన్ ఉంటుంది. రెండూ ఎర్రనివే, రెండూ స్విట్జర్లాండ్‌వే, రెండింటి మీదా తెల్ల శిలువ ఉంటుంది. చూసినవాళ్లు "ఒకే చాకు రెండు కొన్నావేమిటి?" అని అడుగుతారు. శిలువ చుట్టూ ఉన్న గీతను గమనిస్తే రెండూ వేరని తెలిసిపోతుంది. విక్టోరినాక్స్‌ది డాలు ఆకారం, వెంగర్‌ది మూలలు గుండ్రంగా తిరిగిన చతురస్రం. మిగిలిన తేడాలన్నీ చేతికే తెలుస్తాయి, అదీ కొన్నేళ్లు వాడాక. పన్నెండేళ్లుగా చెన్నైలో ఈ రెండింటినీ వాడుతున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: జేబులోకి విక్టోరినాక్స్, ఇంటికి వెంగర్. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

రెండూ 2013లోనే నా దగ్గరికి చేరాయి. క్లైంబర్ నేను కొనుక్కున్నది. వెంగర్ మా బావ తెచ్చాడు. అప్పట్లో ఉద్యోగం మీద స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఉండేవాడు, అక్కడి నుంచి వెంగర్ సొంత ఊరు డెలెమోంట్‌కు రైల్లో కాసేపటి ప్రయాణం. నా క్లైంబర్ చూసి "నిఖార్సైనది ఇదిగో, నేను తెచ్చింది" అన్నాడు. "మొదట పుట్టింది నాది" అన్నాను. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. ఇద్దరి మాటా నిజమే. కార్ల్ ఎల్సెనర్ 1884లో ఇబాఖ్‌లో చాకుల పని మొదలుపెట్టి, 1891లో స్విస్ సైన్యానికి సిపాయి చాకులు అందించాడు. అదే విక్టోరినాక్స్‌కు మూలం. మరో రెండేళ్లకు, తర్వాత వెంగర్‌గా మారిన డెలెమోంట్ సంస్థ కూడా అదే సైన్యానికి చాకులు చేయడం మొదలుపెట్టింది. ఒకరిది జర్మన్ మాట్లాడే ప్రాంతం, ఇంకొకరిది ఫ్రెంచి మాట్లాడే ప్రాంతం. ఎవరినీ నొప్పించకుండా 1908లో ప్రభుత్వం ఆర్డరును చెరి సగం పంచింది. దాంతో ఒకరు 'ఒరిజినల్' అనీ, మరొకరు 'జెన్యూన్' అనీ ప్రకటించుకుంటూ శతాబ్దం గడిపారు. 2001 తర్వాత విమానాల్లో చాకులను నిషేధించడంతో ఇద్దరి అమ్మకాలూ దెబ్బతిన్నాయి. 2005లో విక్టోరినాక్స్ వెంగర్‌ను కొనేసింది. నా చాకులు ఇంటికొచ్చిన 2013లోనే, ఇకపై చాకుల మీద వెంగర్ పేరు ఉండదని ప్రకటించారు. ఇప్పుడు ఆ పేరు గడియారాల మీదా సంచుల మీదా కనిపిస్తుంది. టీనగర్‌లో సంచుల దుకాణం ముందు నడుస్తూ ఆ శిలువను చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. నూటఇరవై ఏళ్లు చాకులు చేసిన పేరు అది.

ఇక వాడకంలోకి వస్తాను. క్లైంబర్ మూసినప్పుడు 91 మిల్లీమీటర్లు, వెంగర్ 85. కాగితం మీద ఆరు మిల్లీమీటర్లు ఏమంత అనిపించవు. పిడికిట్లో పెట్టుకుంటే తెలుస్తుంది. ఎవొల్యూషన్ పిడిని వేళ్ల వంపులకు తగినట్టు మలిచారు, నడుము దగ్గర కాస్త లోపలికి తిరిగి ఉంటుంది. చేతులు తడిగా ఉన్నా జారదు. మా అమ్మ చేతులు చిన్నవి, కీళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఆవిడ ఎప్పుడూ వెంగర్‌నే తీస్తుంది. క్లైంబర్ పిడి నున్నగా, నిటారుగా ఉంటుంది. ఆ నునుపు వల్లే జేబులో ఏ మడతకూ తగులుకోదు, ప్యాంటు గుడ్డ చిరగదు. 82 గ్రాముల బరువు కాబట్టి పలచటి నూలు ప్యాంటు వేసుకున్న రోజు మాత్రం కాస్త వేలాడుతుంది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. నా దగ్గరున్న ఈ రెండు చాకుల బ్లేడుకూ తాళం లేదు. బ్లేడు మడమ (పిడిలో ఉండే మొదలు) మీద వెనుకనున్న ఉక్కు స్ప్రింగు నొక్కి పట్టుకుని ఉంటుంది, అంతే. మొనతో గట్టిగా పొడిస్తే బ్లేడు వేళ్ల మీదికే మడుచుకుంటుంది. కొత్తగా కొన్నవాళ్లు ముందు నేర్చుకోవలసింది ఇదే. స్ప్రింగు బాగుందో లేదో చెవికి కూడా తెలుస్తుంది. బ్లేడును సగం దాటేదాకా మడిచి వదిలితే 'టక్' అనే శబ్దంతో మూసుకోవాలి. మధ్యలో ఒకసారి, ఇలాంటిదే చవకలో దొరికిందని పేరులేని నకలు ఒకటి కొన్నాను. ఆరు నెలలకు దాని శబ్దం 'కిర్రు'మని సాగింది, ఏడాదికి బ్లేడు గాలికి ఊగే తలుపులా ఆడసాగింది. ఈ రెండింటిలో మాత్రం ఆ 'టక్' ఈ రోజుకీ అలాగే ఉంది. క్లైంబర్‌ది కాస్త గట్టి శబ్దం, వెంగర్‌ది మెత్తన.

బ్లేడు సంగతిలో నా మొగ్గు మొత్తం క్లైంబర్ వైపే. దానికి పెద్ద బ్లేడు పక్కన చిన్న బ్లేడు కూడా ఉంది. నా వెంగర్‌లో ఆ చోట గోళ్ల ఆకురాయి పెట్టారు. చాకు కొన్న మొదటి నెలలో నేను చిన్న బ్లేడు వైపు చూడనే లేదు. దాని విలువ తెలిసింది మా అమ్మ మాటతో. ఒకరోజు పార్సిల్ డబ్బా విప్పి, అదే బ్లేడును రుమాలుతో తుడిచి, అరటిపండ్లు కోయబోయాను. "ఒరేయ్, టేపు బంక అంటిన చాకుతో దేవుడికి పెట్టే పండు కోస్తావురా?" అంది. ఆ రోజు నుంచి పెద్ద బ్లేడు తినేవాటికి మాత్రమే. చిన్నది టేపుకు, తాడుకు, సిమెంటు సంచి కుట్టుకు, కూరగాయల మూటకు కట్టిన ప్లాస్టిక్ పట్టీకి. టేపు బంక బ్లేడుకు పట్టి పదును త్వరగా పోతుంది కాబట్టి పెద్ద బ్లేడును సాన పట్టే పని కూడా సగానికి తగ్గింది. వెంగర్‌తో ఈ విభజన కుదరదు. ఉన్న ఒక్క బ్లేడే అన్నిటికీ. అందుకే దాన్ని సొరుగులో ఉంచి, తినేవాటి జోలికి వెళ్లనివ్వను.

నెల్లూరు వెళ్లేటప్పుడు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో జామకాయలు కొంటాను. క్లైంబర్ పెద్ద బ్లేడు జామకాయను అడ్డంగా ఒక్క ఊపులో కోస్తుంది. బంగినపల్లి మామిడి దగ్గరికొచ్చేసరికి అదీ చిన్నదే. టెంకకు ఇటూ అటూ చెంపలు తీయాలంటే రెండు వైపుల నుంచీ కోసుకుంటూ రావాలి. పైగా రసం పిడి లోపలి సందుల్లోకి దిగి, రాత్రికి బంకలా గట్టిపడుతుంది. మామిడికి వంటింటి కత్తిపీటే సరి.

కత్తెర దగ్గర మాత్రం బావ గెలిచాడు. విక్టోరినాక్స్ కత్తెర రెక్కల్ని తెరిచి ఉంచడానికి సన్నటి స్ప్రింగు రేకు ఒకటి విడిగా ఉంటుంది. వెంగర్‌లో ఆ రేకు లేదు. కత్తెర మీట నేరుగా చాకు వెనుక స్ప్రింగు మీదే ఆనుతుంది, కాబట్టి విడిగా విరిగే ముక్కే లేదు. పైగా దాని అంచుకు సన్నటి పళ్లు ఉన్నాయి. గుడ్డ, నూలు, తడి అరటినార జారిపోకుండా ఆ పళ్లు పట్టుకుంటాయి. నవరాత్రులకు బొమ్మల కొలువు పెట్టినప్పుడు మా ఇంట్లో దారాలు, జరీ అంచులు, రంగు కాగితాలు కత్తిరించేది ఈ కత్తెరే. అమ్మ మందుల రేకుల్ని రోజువారీ ముక్కలుగా కత్తిరించుకునేదీ దీనితోనే. ఒకే ఒక లోటు ఏమిటంటే పళ్ల వల్ల కాగితం అంచు నున్నగా రాదు. అక్కడ క్లైంబర్ కత్తెర మెరుగు. దాని స్ప్రింగు రేకు నా చేతిలో ఒకసారి విరిగింది, అది నా తప్పే. మంచం నవారును కత్తిరించబోయాను, అంత మందం గుడ్డ ఆ కత్తెర పని కాదు. విడి రేకులు అమ్ముతారు. పాతది లాగేసి కొత్తది గాడిలో దూర్చడానికి పది నిమిషాలు పట్టింది, అందులో ఎనిమిది నిమిషాలు నేల మీద పడిన రేకును వెతకడానికే పోయాయి. నేల మీద పాత దుప్పటి పరుచుకుని ఆ పని చేయండి.

డబ్బా మూత కోసే పనిముట్టు విషయంలో మళ్లీ క్లైంబరే. దాని మొన చిన్న స్క్రూడ్రైవర్‌లా ఉంటుంది, ప్లస్ మరలకు (స్క్రూలకు) కూడా సరిపోతుంది. కళ్లజోడు తప్ప మా ఇంట్లో దాదాపు ప్రతి మరనూ అది తిప్పింది. వెంగర్‌ది చిలకముక్కులా వంగి ఉంటుంది, రసగుల్లా డబ్బా మూతను చక్కగా చీల్చుతుంది, మర తిప్పడానికి మాత్రం రాదు. వెంగర్‌లో నాకు బాగా నచ్చింది సీసా మూత తీసే పనిముట్టు. దాని మొన పెద్ద స్క్రూడ్రైవర్. గట్టిగా నొక్కినప్పుడు మడుచుకోకుండా ఆగేలా ఏర్పాటు చేశారు. బిగుసుకున్న మరను భుజం బలంతో తిప్పేటప్పుడు ఆ ధైర్యం వేరు. ఇక బిరడా తీసే మెలి రెండింటిలోనూ ఉంది. బిరడాలతో నాకు పని లేదు, కానీ తడిసి బిగిసిన తాడు ముడిని విప్పడానికి అంతకు మించిన పనిముట్టు నాకు దొరకలేదు.

ఉక్కు సంగతి 2015 డిసెంబరు చెన్నై వరదలు తేల్చాయి. అప్పుడు వేళచ్చేరిలో కింది అంతస్తులో ఉండేవాళ్లం. నీళ్లు రాత్రి వచ్చాయి. అమ్మను పైఅంతస్తుకు చేర్చడమే ఆలోచన, సొరుగు గుర్తుకు రాలేదు. రెండు చాకులూ ఐదు రోజులు బురదనీటిలో ఉన్నాయి. తీసి చూస్తే క్లైంబర్ పెద్ద బ్లేడు గోటికి కదలలేదు. వెంగర్ కత్తెర సగం తెరుచుకుని ఆగిపోయింది. గోరువెచ్చటి సబ్బు నీళ్లలో రెండింటినీ నానబెట్టి, నీళ్ల లోపలే బ్లేడుల్ని కొద్దికొద్దిగా కదిలించాను. మొదట నల్లటి నీరు, తర్వాత ఇటుక రంగు నీరు, చివరికి మెత్తటి ఇసుక వచ్చింది. పాత పళ్ల బ్రష్షుతో సందులు తోమి, ఎండలో ఆరబెట్టి, ప్రతి కీలుకూ ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేశాను. ఆరాక చూస్తే రెండింటి వెనుక స్ప్రింగుల మీదా ఆవగింజంత గోధుమరంగు మచ్చలు మిగిలాయి. దీనిలో ఎక్కువ లేదు, దానిలో తక్కువ లేదు. స్టెయిన్‌లెస్ అన్న మాటను జనం తుప్పే పట్టదన్నట్టు తీసుకుంటారు. ఈ ఉక్కులో సుమారు 14 శాతం క్రోమియం ఉంది, తుప్పును ఆలస్యం చేస్తుంది, అంతే. సముద్రం పక్క ఊళ్లో ఉండేవాళ్లు నెలకోసారైనా కడిగి ఆరబెట్టి నూనె చుక్క వేయాలి. కొబ్బరినూనె వద్దు. నేను మొదట్లో వేశాను, జిడ్డు కట్టి జేబులోని నూలుపోగులన్నీ కీలులో చేరాయి. పండ్లు కోసే బ్లేడుకైతే తినేవాటికి పనికొచ్చే మినరల్ ఆయిల్ వాడండి.

ఈ ఉక్కు మెత్తన. విక్టోరినాక్స్ బ్లేడు కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది. ఖరీదైన జేబు చాకుల్లో 60 పైన ఉండేవి చాలా ఉన్నాయి, వాటి పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ మెత్తటి ఉక్కుకు సాన పట్టడం తేలిక. చేతికి దొరికిన సానరాయి చాలు, రాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున గరుకుగా ఉండే వలయం కూడా పనిచేస్తుంది. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో పది సార్లు రుద్ది, తోలు బెల్టు మీద నాలుగుసార్లు వెనక్కి లాగితే వార్తాపత్రికను చప్పుడు లేకుండా కోస్తుంది. సైకిలు మీద తిరిగే సానచక్రానికి మాత్రం ఇవ్వకండి. వేగంగా తిరిగే పొడిరాయికి ఇంత సన్నటి అంచు నిమిషంలో వేడెక్కుతుంది, అంచు నీలంగా మారితే ఉక్కు గట్టిదనం పోయినట్టే.

మెట్రోలో వెళ్లే రోజు క్లైంబర్ కూడా సొరుగులోనే ఉంటుంది, తనిఖీ దగ్గర దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. విమానమైతే అప్పగించే పెట్టెలో పెడతాను, చేతిసంచిలో ఎప్పుడూ ఉంచను.

ఇప్పుడు కొనేవాళ్లకు పాత వెంగర్ పేరుతో కొత్త చాకు దొరకదు. ఆ 85 మిల్లీమీటర్ల నమూనాలు కొన్ని తర్వాత విక్టోరినాక్స్ పేరుతో వచ్చాయి. శిలువ చుట్టూ డాలు ఉంటుంది కానీ లోపల పళ్ల కత్తెర అదే. ఇంట్లో పెద్దవాళ్లకు ఇవ్వడానికైతే నేను వాటినే వెతకమంటాను. ఒక్కటే కొని జేబులో ఉంచుకోవాలంటే కళ్లు మూసుకుని క్లైంబర్ తీసుకోండి. నాదానిలో చిన్న పట్టకారు వరదప్పుడే జారిపోయింది, ఆ గాడి అప్పటి నుంచీ ఖాళీ. విడిగా దొరుకుతుందని తెలిసీ ఇన్నాళ్లు ఊరుకున్నాను. మొన్న అమ్మ వేలిలో కొబ్బరి పీచు గుచ్చుకుంటే వెంగర్‌లోని పట్టకారుతో తీయవలసి వచ్చింది. ఈ నెలలో తెప్పిస్తున్నాను.