ధర్మాబాద్‌లో ఒక లాడ్జి, ఒక జిన్నింగ్ షెడ్డు

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో ఏళ్లుగా మూతపడి ఉన్న ఒక జిన్నింగ్ మిల్లు (పత్తి నుండి గింజలు వేరుచేసే మిల్లు) చిత్రకళా కేంద్రానికి పనికొస్తుందేమో చూసి చెప్పమని దాని యజమాని మా బావగారిని అడిగారు. ఆయన ఆర్కిటెక్టు. నేను, మా ఆవిడ తోడు వెళ్లాం. నిజామాబాద్ నుండి బాసర మీదుగా రైలు ప్రయాణం సుఖంగానే సాగింది.

రాత్రి బస మాత్రం పచ్చి మోసం. ఫోనులో గదికి 900 రూపాయలని ఒప్పుకున్న లాడ్జివారు, సామాను మూడో అంతస్తుకు చేరాక, ముగ్గురున్నారు గనుక 1,400 ఇవ్వాలన్నారు. ముగ్గురమని ముందే చెప్పామంటే, ఆ ఫోను ఎత్తినవాడు సెలవులో ఉన్నాడన్నారు. చెమ్మ వాసన కొడుతున్న అదనపు పరుపుకు 150, వేడినీళ్లకు బకెట్టుకు 40 చొప్పున 120 కలిపి, ఉదయం 1,670 వసూలు చేసి, రసీదులో 900 మాత్రమే వేశారు. ఆ లాడ్జి కుదిర్చింది బావగారే కావడంతో మా ఆవిడ మధ్యాహ్నం దాకా తన అన్నతో మాట్లాడలేదు. నా సలహా ఒక్కటే: రాత్రికి నిజామాబాద్‌లోనో నాందేడ్‌లోనో ఉండి, పగలు వచ్చి వెళ్లండి.

మిల్లు గేటు దగ్గర ముసలి కాపలాదారు తెలుగులోనే పలకరించి, "మిరపకాయలు తొక్కకుంట నడువుండ్రి" అన్నాడు. ఒకప్పుడు పత్తి కుప్పలు పోసిన సిమెంటు కల్లం నిండా ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి. లోపల షెడ్డు కప్పు రంపపు పళ్ల వరుసలా ఉండి, నిలువు అద్దాలన్నీ ఉత్తరానికి తెరుచుకున్నాయి. అందువల్ల పన్నెండు గంటలకు కూడా నేల మీద ఎండ ముక్క పడలేదు. గోడంతా ఒకే తీరు వెలుతురు. చిత్రాలకు ఇంతకన్నా ఏం కావాలి? దూలాల మీద పాత దూది ఇంకా పీచులు పీచులుగా వేలాడుతోంది, పక్కనే దూదిని 170 కిలోల బేళ్లుగా నొక్కిన ప్రెస్సు తుప్పుపట్టి నిలబడి ఉంది. వరండా మీది ఆస్‌బెస్టాస్ రేకులు మాత్రం నన్ను భయపెట్టాయి. అవి పగిలితే రేగే నార ఊపిరితిత్తులకు ప్రమాదం కనుక, రంగుల కన్నా ముందు వాటిని తెలిసినవారితో తడిపి, జాగ్రత్తగా దింపించాలి.

బావగారి మనసులో మొదట ఉన్నది లండన్. 1981లో ఆగిపోయిన బ్యాంక్‌సైడ్ విద్యుత్కేంద్రమే 2000లో టేట్ మోడర్న్ మ్యూజియం అయింది; దాని టర్బైన్ హాలు ఎత్తు 35 మీటర్లు. ఆ ఊపులో ఆయన ఇక్కడి కల్లాన్ని కార్ల పార్కింగుగా గీశారు. ఆ కాగితం చూసి మిరపకాయలు తిరగేస్తున్న ఒకావిడ, "మరి మేమెక్కడ ఎండబెట్టుకోవాలె సారూ?" అని అడిగింది. బావగారు పెన్సిలు దించి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే బ్రెజిల్ నగరం సావో పావులోని పాత పీపాల ఫ్యాక్టరీ సంగతి చెప్పారు. 1977లో దాన్ని సాంస్కృతిక కేంద్రంగా మార్చే పని చేపట్టిన ఆర్కిటెక్టు లీనా బో బార్డి ఒక సెలవునాడు వెళ్లేసరికి పిల్లలు బంతి ఆడుతున్నారు, కుటుంబాలు కాలక్షేపం చేస్తున్నాయి. ఆ సందడి పోకూడదనే ఆమె షెడ్లను కూల్చకుండా ఉంచారు. కేంద్రం 1982లో తెరుచుకుంది.

ఆ మిరపకాయలావిడే మాకు జొన్నరొట్టె, పచ్చిమిర్చి ఠేచా (దంచిన పచ్చడి) పెట్టి, డబ్బిస్తే ససేమిరా తీసుకోలేదు. మా ఆవిడ మళ్లీ అన్నతో మాట్లాడిందీ అప్పుడే. బావగారు పార్కింగును గేటు బయటికి మార్చి, కల్లం మీద "మిరప" అని రాశారు.